కాయిల్ విల్‌ఫ్రెడ్

న్యూ సెటిల్‌మెంట్ కాలనీలో విల్‌ఫ్రెడ్ ఎవరో తెలియనివాళ్లకు కూడా కాయిల్ విల్‌ఫ్రెడ్ అంటే తెలుసు. రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు సోలినాయిడ్లు చుట్టి రిటైరయ్యాడు. తర్వాత ఇంటి వరండాలోనే ఆ పని పెట్టుకున్నాడు. ఇంజన్‌లో గాలికి దారి తెరిచి మూసే వాల్వు, ఆటో స్టార్టర్‌లో పళ్లచక్రాన్ని ముందుకు తోసే స్విచ్చి, తలుపు గడియను లాగే ఎలక్ట్రిక్ తాళం, అన్నిటిలోనూ ఉండేది సోలినాయిడే: కాయిల్ అనే రాగితీగ చుట్ట, మధ్యలో కదిలే ఇనుపకడ్డీ. కరెంటు పారితే చుట్ట అయస్కాంతమై కడ్డీని లాక్కుంటుంది. ఎంత లావు తీగ, ఎన్ని చుట్లు అన్నదే తేడా.

భార్య స్వర్ణకుమారి ఊపిరితిత్తులు పాడై రెండేళ్లుగా ఆక్సిజన్ మెషిన్ మీదే ఉంది. అందులో గాలిని మళ్లించే వాల్వు కూడా సోలినాయిడే. జూన్‌లో ఒక మధ్యాహ్నం అది కాలిపోయింది. కొత్తది రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. మలంచా బజారు దుకాణాల్లో దొరికినవన్నీ నీళ్ల ఫిల్టర్ల వాల్వులే, దీనికి సరిపడవు. పక్కింటి లూకా ఒక ఆక్సిజన్ సిలిండర్ తెచ్చాడు. అది సాయంత్రం దాకానే వస్తుందని, ఆసుపత్రికి తీసుకెళ్దామని అన్నాడు. విల్‌ఫ్రెడ్ వినలేదు.

కాలిన వాల్వు మీది ప్లాస్టిక్ పోత పగలగొడితే లోపల వెంట్రుకంత తీగ. చుడుతుంటే మూడుసార్లు తెగింది. స్వర్ణకుమారి మంచం మీది నుంచి చూస్తూనే ఉంది.

"సేతులు వణుకుతున్నాయి. ఇంక వదిలీండి," అంది.

"ఇలాటివి ఎన్ని సుట్టినాను నేను! ఒక్క గంట ఓర్సుకో."

నాలుగోసారి తెగలేదు. మెషిన్ నడిచింది. కానీ చుట్లు తక్కువై కరెంటు ఎక్కువ పారింది; ఇరవై నిమిషాలకు వేడెక్కి మళ్లీ కాలింది. అప్పటికి సాయంత్రమై సిలిండర్ అడుగంటింది. లూకా ఆటోలో ఆసుపత్రికి చేర్చేసరికి ఆమె పెదవులు నీలంగా మారాయి. మూడోరోజు పోయింది.

మెషిన్ బాగున్నా ఆమె ఎక్కువ రోజులు ఉండేది కాదని డాక్టరు చెప్పాడు. విల్‌ఫ్రెడ్ తల ఊపాడు. బయటికొచ్చాక లూకాతో మాత్రం అన్నాడు: "మజ్జాన్నమే నీ మాట ఇనుంటే అది బతికుండునురా."

ఇప్పుడు ఆటోవాళ్లు కాలిన స్టార్టర్లతో వచ్చి, అన్నా అన్నట్టు దాదా, దాదా అని పిలుస్తారు. ఆయన వేరేచోటు చూసుకోమని చెయ్యి ఊపుతాడు. తీగ చుట్టే మెషిన్‌ను పాత ఇనుము వాడికి ఇచ్చేశాడు. చర్చికి వెళ్లడం మానేస్తే పాస్టరే ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోతున్నాడు. విల్‌ఫ్రెడ్ కళ్లు మూసుకోడు, ఆమెన్ అనడు.