ముళ్ళు తీసిన చేప

ఇరవై ఏళ్ళు దాటింది. చాలాకాలానికి నిండిన డ్యాం పక్కన, పాక హోటల్ దగ్గర మా కదిరి బస్సు ఆగింది. మెట్ట పల్లెలో పుట్టినవాణ్ణి, చేపల పులుసు తినడం అదే మొదలు. మటన్ ముక్కలా నమిలేసరికి ముల్లు గొంతులో ఇరుక్కుంది. ఎదురుగా తింటున్న ముసలాయన తన సంగటిలో ఓ ముద్ద తుంచి నా నోటికి అందించాడు.

"నమలద్దప్పా. అట్లే మింగు."

ముల్లు దిగిపోయింది. నేను కళ్ళు తుడుచుకుంటుంటే, ఆయన ఒక చేపముక్కలో ముళ్ళన్నీ ఏరి, కండ నా పళ్ళెంలోకి తోశాడు.

"నాకూ మొదట్లో ఇట్లే అయినాది. నిదానంగా తిను, బస్సు యాడికీ పోదులే."

ఆత్రంగా తినేశాను. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు చూశాను. ఆయన పళ్ళెంలో చేపముక్క లేదు, ముళ్ళే ఉన్నాయి. మిగిలిన సంగటిని ఉత్త పులుసుతో తింటున్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో చేపలు వండితే, అందరికీ ముళ్ళు తీసేది నేనే.