అమ్మమ్మ పడనివ్వని మూడో ముడి

ఆ రోజుల్లో, అంటే కొత్తగూడెంలో డిగ్రీలో చేరిన కొత్తలో, ఏ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నావని అడిగితే మాలో ఒక్కరి దగ్గరా మర్యాదైన జవాబు ఉండేది కాదు. నేను ‘నాటక ఆస్వాదన’ తీసుకున్నది ఆ క్లాసు మధ్యాహ్నం ఉంటుందని, టేకులపల్లి బస్సు ఎంత ఆలస్యమైనా అందుతుందని. (నాటకం చూడ్డానికి కూడా పాఠాలేంటని నాన్న అడిగితే, గవర్నమెంటు ఉద్యోగాలకు బాగా పనికొస్తుందని నమ్మబలికాను.) నాన్న షరతు ఒక్కటే. ఏ పేపరు తప్పినా పుస్తకాలు కట్టిపెట్టి కుట్టుమిషను ముందు కూర్చోవాలి. ఆ మిషను మా వసారాలో గుడ్డ కప్పుకుని నా కోసమే కాచుకున్నట్టు ఉండేది. దాని పక్కనుంచి కాలేజీకి బయలుదేరిన ప్రతిసారీ నాకు గుబులే.

మా సారుకు మేం పెట్టుకున్న పేరు నిశ్శబ్దం సారు. స్టేజీకీ జనానికీ మధ్య కంటికి కనపడని గోడ ఒకటి ఉంటుందని, మంచి ప్రేక్షకుడు దాన్ని దాటడని చెప్పేవారు. మాట్లాడకూడదు, తినకూడదు, ఫోను మోగకూడదు. ఆ ఏడు ఇంటర్నల్స్‌కు ఆయనొక వింత పరీక్ష పెట్టారు. సగం క్లాసు చిన్న నాటకం వేయాలి. మిగతా సగం తలా ఒక పెద్దమనిషిని ఇంటినుంచి తెచ్చి, పద్ధతిగా చూసేలా తయారు చేయాలి. వాళ్ళు ఎలా చూస్తే మాకు అలా మార్కులు. నేను రెండో సగంలో పడ్డాను. అమ్మను తీసుకెళ్దామంటే పత్తి ఏరే రోజులు. ఇంట్లో ఖాళీగా ఉన్నది టీవీతో కూడా తగువు పెట్టుకునే అమ్మమ్మ ఒక్కతే.

శిక్షణ సీరియల్ ముందు మొదలైంది. తెరమీద అత్త పాలలో ఏదో కలుపుతోంది. “ఓ పిల్లా, తాగకే!” అని అమ్మమ్మ కేక పెట్టింది.

“నాటకంల గిట్ల అరవొద్దు అమ్మమ్మా. నా చదువు పోతది.”

“అరవకపోతే ఆ పిల్ల తాగదా ఏందే?”

“తాగితే తాగనీ. నువ్వు మాట్లాడొద్దు.”

“ఇదేం చదువే! ఎదుటోళ్ళ కొంప మునుగుతుంటే నోరు మూసుకొని కూసునుడు గూడ కాలేజీల నేర్పుతున్నరా?”

కుట్టుమిషను వైపు చూపించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అమ్మమ్మ కరిగింది. “భద్రాద్రి రామయ్య తోడు. నువ్వు మాట్లాడమనేదాంక నోరు తెరువ. సరేనా?” అంది. రామయ్య మీద ఒట్టు వేసిందంటే ఇక తిరుగులేదని నేను హాయిగా నిద్రపోయాను.

నాటకం రోజు హాలంతా మా పెద్దలే, వేషాలు వేసేవాళ్ళ ఇళ్ళనుంచి కూడా వచ్చారు. అమ్మమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో బొమ్మలా కూర్చుంది. పెళ్ళికూతురు వేషం నా బెంచీ నేస్తం పిట్టది. (మనిషి అంతే ఉండేది, అందుకని ఆ పేరు.) హాస్టల్లో ఉండి చదివేది, ఊరు భద్రాచలం దాటి అడవిలో ఉంది. పెళ్ళికొడుకు, బస్సులో చొక్కా నలుగుతుందని నిలబడే వచ్చే కుర్రాడు. వాణ్ని ఇస్త్రీ అనే పిలిచేవాళ్ళం. తల్లీతండ్రీ లేని పిల్లకు ఇష్టంలేని పెళ్ళి చేస్తారు, మూడు ముళ్ళూ పడ్డాక ఆమె లేచి పెద్ద ఉపన్యాసం ఇస్తుంది. కథ అదీ. గిల్టు తాళి తెస్తానన్నవాడు మరిచిపోతే, ఎవరో పరుగెత్తి కిరాణా కొట్లోంచి పసుపుకొమ్ము తెచ్చి దారానికి కట్టారు. “ఎంత సహజంగా ఉంది!” అని సారు మురిసిపోయారు. బంగారం లేని ఇంట్లో పసుపుకొమ్ము కడితే అదే తాళి అని మాకెవరికీ తట్టలేదు, మా అమ్మమ్మ పెళ్ళి అలాగే జరిగిందని నాకూ గుర్తు రాలేదు.

మొదటి ముడి పడింది. పిట్ట కళ్ళలోంచి నీళ్ళు జారాయి. “చూడండి, ఎంత నటన!” అని సారు గుసగుసలాడారు. (మాట్లాడకూడదన్న మనిషే!) రెండో ముడి పడింది. నా పక్క కుర్చీ ఖాళీ. నేను కొంగు అందుకునేలోపే అమ్మమ్మ మెట్లెక్కి, కనపడని గోడలోంచి నడిచి వెళ్ళి, ఇస్త్రీ చెయ్యి పట్టుకుంది. “అవ్వా, ఇది నాటకం...” అని వాడు గొణిగాడు. ఆమె తల అడ్డంగా ఊపిందే తప్ప పెదవి కదపలేదు. వేసిన ముళ్ళు రెండూ విప్పి, పిట్టకు తన కొంగు కప్పి దగ్గరికి తీసుకుంది. ఇదీ నాటకంలోదే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. తెర లాగేవాడు కంగారులో అమ్మమ్మ లోపలుండగానే తెర దించేశాడు. నాకు మాత్రం కుట్టుమిషను చప్పుడు వినపడింది.

నేను తెర వెనక్కి పరుగెత్తాను. సారు కూడా వచ్చి, “ఎందుకు లేచినవమ్మా?” అని అడిగారు. అమ్మమ్మ నావైపు చూసి పెదాల మీద వేలు పెట్టుకుంది. ఒట్టు ఇంకా తీరలేదు మరి. “మాట్లాడు అమ్మమ్మా,” అన్నాను.

“పసుపుకొమ్ము కడితే పెండ్లే గద సారూ! పిల్ల నిజంగ ఏడుస్తుంది. అందరి దిక్కు ఎవరో ఒకరు వచ్చిండ్రు, ఈ పిల్ల దిక్కు ఒక్కరు లేరు. ఎవరో ఒకరు లేవాలె గదా?”

పిట్ట అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. వాళ్ళ వాళ్ళకు రావడం కుదరలేదట. హాల్లో అందరి అమ్మల్నీ చూసేసరికి దుఃఖం ఆగలేదట. సారు వేళ్ళు మడుస్తూ, “మాట్లాడలేదు, ఫోను లేదు. ఏమన్న తిన్నవా అమ్మా?” అన్నారు. అమ్మమ్మ నోరు తెరిచి వక్క చూపించింది. “దవడకు పెట్టుకున్న, నమల్లే సారూ.” నిశ్శబ్దం సారు పడి పడి నవ్వడం మేం వినడం అదే మొదటిసారి. లేవకూడదని తాను చెప్పలేదు కాబట్టి తప్పు లేదని నన్ను పాస్ చేశారు. ఇస్త్రీ మాత్రం అమ్మమ్మలున్న ఇళ్ళ ముందునుంచి నడవడం మానేశాడు. ఆ తర్వాత పిట్ట ప్రతి ఆదివారం మా ఇంటికే వచ్చేది. అమ్మమ్మ దాని తలకు నూనె పెడుతూ సీరియల్‌ను తిట్టేది.

అమ్మమ్మ పోయింది. మొన్న వేసవిలో పిట్ట పెళ్ళి, ఇష్టపడి చేసుకున్న పెళ్ళే, వాళ్ళ ఊళ్ళోనే జరిగింది. ఈసారి దాని వైపు ఊరంతా ఉంది. నేను ఖమ్మంలో ఉద్యోగం చేసుకుంటూ, నాటకాలకు వెళ్తే ఫోను ఆపేసి కదలకుండా కూర్చునే పెద్దమనిషినయ్యాను. ఆ పెళ్ళిలోనూ ముందు వరసలో అలాగే కూర్చున్నాను. రెండు ముళ్ళు పడ్డాక పిట్ట ఎందుకో తలెత్తి నా వైపు చూసింది. చూస్తే నేను లేచి నిలబడి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు. అది తడి కళ్ళతో నవ్వి, ‘పర్లేదు’ అన్నట్టు తల ఊపింది. మూడో ముడి పడింది. నేను కూర్చున్నాను. నోరు మాత్రం తెరవలేదు.