రాం రాం పెద్దాయన

మేడ్చల్ దాటి అత్వెల్లిలో అద్దెకు దిగిన కొత్తలో, పొద్దున్నే రావల్కోల్ వైపు నడిచేవాణ్ని. భుజాన తువ్వాలతో ఒక పెద్దాయన రోజూ ఎదురొచ్చేవాడు. ఎవరు కనబడినా ఆగి, "రాం రాం! మంచిగున్నరా? ఏ ఊరు మనది?" అనేవాడు. పాలవాళ్లు, కూలికి పోయే ఆడవాళ్లు, అందరూ నవ్వుతూ జవాబిచ్చేవాళ్లు. నేను మాత్రం ఫోన్ చూసుకుంటూ దాటిపోయేవాణ్ని. ఈ చుట్టుపక్కల ముక్కూమొహం తెలియనివాడు నవ్వాడంటే, ఆ నవ్వు వెనక ఒక ప్లాటో చిట్టీయో ఉండి తీరుతుంది. నేనలాంటి వాటికి పడను.

ఒకరోజు దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఇక తప్పక అడిగేశాను.

"ప్లాట్లేమైనా అమ్ముతారా?"

"అమ్మనీకి నాకేడున్నయ్ సారూ? బాయికాడ మోటరు వైరు కోస్కపోయిండ్రు. గప్పటిసంది ఎవ్వలు కనవడ్డా పలకరిస్తున్న. దొంగోడు నోరిప్పడు. గొంతు గుర్తువడతరని భయం."

ఆ మాట చెబుతున్నంతసేపూ ఆయన కళ్లు నా మొహం మీదే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ దారిలో నోరు విప్పనిది నేనొక్కణ్నే అని అప్పుడు తట్టింది.

మర్నాడు సంచినిండా కూరగాయలు కొనుక్కుని వస్తూ, ఆయన కనబడగానే దూరం నుంచే అరిచాను.

"రాం రాం పెద్దయ్యా! మంచిగున్నరా?"

ఆయన ఆగిపోయాడు. తిరిగి రాం రాం అనలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వుతూనే దగ్గరికొచ్చాడు.

"సంచి మస్తు బరువున్నట్టుంది సారూ. ఏందది?"