ఐసు ఫ్యాక్టరీ వెనక వీధి

మొన్న తెనాలిలో ఒక బ్యూటీ పార్లర్లో జుట్టుకు రంగు వేయించుకుందామని కూర్చున్నాను. ఆ అమ్మాయి గిన్నెలో రంగు కలపగానే ఘాటు ముక్కుకు తగిలి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "పడలేదాండి?" అని కంగారుపడింది. పడకపోవడం కాదు. అమ్మోనియా వాసన వస్తే నాకు రూతమ్మగారు గుర్తొస్తారు.

డెబ్బైల మొదట్లో నేను రేపల్లెలో ఒక ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరాను. రూతమ్మగారు మా హెడ్మిస్ట్రెస్. బాపట్ల మనిషి, పొట్టిగా ఉన్నా గొంతు మాత్రం మైదానం అవతలికి వినిపించేది. బడి దగ్గరే ఐసు ఫ్యాక్టరీ ఉండేది. దాని యంత్రాల్లో వాడే అమ్మోనియా ఘాటు అప్పుడప్పుడు మా తరగతుల్లోకి వచ్చేది. ఒకరోజు పిల్లలు ఉక్కిరిబిక్కిరైపోవడం చూసి, ఆ సాయంత్రమే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని ఫ్యాక్టరీ వెనక వీధికి బయల్దేరారు. ఎప్పుడైనా అమ్మోనియా గొట్టం పగిలితే తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోవాలనీ, పొగతోపాటు పరిగెత్తకుండా గాలికి అడ్డంగా పక్కకు తప్పుకుని బడి మైదానానికి రావాలనీ చెప్పడం నా వంతు. ఆవిడ మాత్రం ఇంటింటా ఒకటే అడిగేవారు: "మీ ఇంట్లో నడవలేనివాళ్లు ఎవరమ్మా? వాళ్లనెవరు తీసుకొస్తారు?"

ఫ్యాక్టరీ యజమాని బడికొచ్చి, "ఏంటండీ టీచరుగారూ, ఏమీ జరక్కముందే జనాన్ని హడలగొడుతున్నారు?" అన్నాడు.

"జరిగాక చెబుదామంటే వినడానికి వాళ్లుండాలి కదండీ" అన్నారావిడ.

మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం గొట్టం పగిలింది. వీధంతా తెల్లటి పొగ. జనం తడిగుడ్డలతో, పిల్లల్ని ఎత్తుకుని మైదానానికి వచ్చేశారు. రూతమ్మగారు అందరి మొహాలూ చూసి, "సాలమ్మేది?" అన్నారు. పక్షవాతంతో మంచంపట్టిన ముసలామె. ఆమెను తెస్తానన్న పక్కింటి యేసోబు ఆరోజు పెళ్లికని ఊరెళ్లాడు. ఆవిడ పైట తడుపుకుని పరిగెత్తారు. వెనకే నేను. సాలమ్మను దుప్పట్లో వేసి ఇద్దరం మోసుకొస్తుంటే, ఆవిడ తన ముక్కుకున్న తడిపైట తీసి సాలమ్మ మొహం మీద కప్పేశారు.

సాలమ్మ బతికింది. రూతమ్మగారు తెనాలి ఆసుపత్రిలో చాలా రోజులున్నారు. యేసోబు వచ్చి మంచం పక్కన ఏడ్చాడు. "నేనూళ్లో ఉంటే మీకీ గతి పట్టేది కాదమ్మగారూ."

"పెళ్లికెళ్లడం తప్పేంటయ్యా? ఒక్కడికే చెప్పి ఊరుకున్నాను. ఇద్దరికి చెప్పాల్సింది" అన్నారావిడ. ఆ మాటలు వినడానికి మేం వంగాల్సి వచ్చింది. ఆ పెద్ద గొంతు మళ్లీ రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక మళ్లీ గడపగడపకూ తిరిగారు. ఆవిడ గుసగుసగా అంటే, నేను పైకి అడిగేదాన్ని.

తర్వాత పనిచేసిన ప్రతి బడిలోనూ, నిప్పుకైనా తుపానుకైనా, ఆ ప్రశ్న నేనే అడిగాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో, పై అంతస్తులో, కదల్లేని పెద్దాయన ఒకరున్నారు. అవసరమొస్తే ఎవరు దించుతారని వాళ్లబ్బాయిని అడిగితే, "నేనున్నాను కదండి ఆంటీ" అని నవ్వాడు.

"నువ్వు ఆఫీసులో ఉంటే?" అన్నాను.

నవ్వు ఆపేశాడు. వెళ్లి ఎదురింటి తలుపు కొట్టాడు.