భద్రమ్మ మెయిల్‌కు కావలి

వరంగల్ కొత్తవాడలో భద్రమ్మను కదిలించాలంటే నాకు ఇప్పటికీ జంకే. మగ్గం మీద ఉన్నప్పుడు పలకరిస్తే తలెత్తదు. ఎత్తిందంటే మనకు మూడినట్టే. పాలకుర్తి నుంచి కోడలుగా వచ్చి, అత్త దగ్గర జంపఖానాలు నేయడం నేర్చుకుంది. భర్త పోయాక మగ్గం ఆపమని చెప్పినవాళ్లందరికీ ఒక దండం పెట్టి, ఆపలేదు. అయితే ఆమె నేసిన నెమళ్లు, మామిడి పిందెలు ఎప్పుడూ షావుకారు పేరుతోనే ఊళ్లు తిరిగాయి.

ఈ ఏడు మాత్రం ఢిల్లీలో జరిగే చేనేత ప్రదర్శనకు తన పేరుతో దరఖాస్తు పెట్టింది. ఎంపికైనట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మెయిల్‌కు పంపిన ఉత్తరం తెరిచి, శనివారంలోగా సరేనని జవాబివ్వాలి. లేదంటే స్టాలు ఇంకొకరికి పోతుంది.

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ రంగు నీళ్ల తొట్టిలో పడింది. సిమ్ము బతికింది. కొత్త ఫోన్‌లో మెయిల్ తెరవబోతే, వారం రోజులుగా పాస్‌వర్డ్ ఎన్నిసార్లు సరిగ్గా కొట్టినా లోపలికి రానివ్వలేదు.

ఆ మెయిల్ సంగతి చెప్పాలి. మా వాడలో ఎవరింటి మగ్గానికైనా ఎక్కించే పడుగు నూలు వీధిలో చాపినా అందరూ వచ్చి చేయి వేస్తారు. మెయిల్ కూడా అలాగే, అందరికీ కలిపి ఒకటే. ఎప్పుడో ఎవరో ఉచితంగా తెరిచారు, పాస్‌వర్డ్ ఇంటింటికీ చెప్పారు. ఎవరి నంబరుతో తెరిచారో ఎవరికీ గుర్తులేదు. భద్రమ్మ పాత ఫోన్‌లో తప్ప వాడలో ఇంకెవరి ఫోన్‌లోనూ అది ఇప్పుడు లేదు. ఇదేం తెలివని నేను మొత్తుకుంటే, అందరం ఒక్కటే కదా అని నాకే సుద్దులు చెప్పారు.

శుక్రవారం భద్రమ్మ ఇంటర్నెట్ సెంటర్ నడిపే హరీష్ దగ్గరికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను.

"ఆ మెయిల్ కంపెనీ ఆఫీసు ఏడుంటదో చెప్పు తమ్మీ, నేనే పోయి అడుగుత."

"ఈడ ఆఫీసు ఉండదక్కా. ఫ్రీగ ఇచ్చెటోనికి మనం ఎవలమో ఏం తెలుసు?"

బ్యాంకు అయితే మేనేజరును నిలదీస్తాం. ఇక్కడ తిట్టుకోవడానికైనా మనిషి లేడు. అంతటి భద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే నాకు దుఃఖం ఆగలేదు.

హరీష్ తెర మీదికి వంగి చదివాడు.

"ఇదివరకు తెరిచిన ఇంకో ఫోన్ల అవునని నొక్కుమంటాంది. ఈ మెయిలు మొదలు తెరిచిందెవలక్కా?"

వాడలో మొదట స్మార్ట్‌ఫోన్ కొన్నది యాకమ్మ. ఇప్పుడు మగ్గం మానేసి, వర్ధన్నపేటలో బట్టలు కుడుతోంది. వెంటనే ఫోన్ కలిపి, స్పీకర్‌లో పెట్టి, మెయిల్ సంగతి అడిగాం.

"అవునక్కా, వారం సంది ఫోన్ అడుగుతనే ఉన్నది, లోపలికి వచ్చేది నువ్వేనా అని. నేను కాదు గదా. ఎవలో దొంగలు మనోళ్ల మెయిల్ల జొర్రుతాండ్లని, కాదు కాదని నొక్కుతాన."

"ఆ దొంగను నేనేనే."

అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"మరి ఇప్పుడు నేనే అని నొక్కాల్నా? అబద్ధం గాదా?"

"ఇయ్యాల ఒక్కసారికి నువ్వే నేననుకో చెల్లే."

హరీష్ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టగానే యాకమ్మ అవునని నొక్కింది. మెయిల్ తెరుచుకుంది. హరీష్ జవాబు పంపిన కాసేపటికే తిరుగు ఉత్తరం వచ్చింది. స్టాలు మీద రాసే పేరు: భద్రమ్మ, కొత్తవాడ. భద్రమ్మ ఆ మాటను మళ్లీ చదివించుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

హరీష్ అక్కడికక్కడే ఆమెకు వేరే మెయిల్ తెరిచాడు. ఇదీ ఉచితమే, ఎప్పుడు మొరాయిస్తుందో తెలియదు, ప్రదర్శన వాళ్ల ఫోన్ నంబరు విడిగా దగ్గర పెట్టుకొమ్మని చెప్పాడు. మెయిల్‌కు మొదటి నంబరు భద్రమ్మ తనదే ఇచ్చింది. ఆపద వేళకు ఇంకొకటి అడిగితే, తడుముకోకుండా యాకమ్మది చెప్పింది.

"మళ్ల ఆమెదేనా అక్కా?"

"నా పేరు చెప్పుకొని ఇంకెవలన్న వస్తే, కాదనేటిది ఒకతి ఉండాలె తమ్మీ," అంది భద్రమ్మ.