గాజుబుడ్డిలో నీలి ఉంగరం

ఫిజిక్స్ ల్యాబు అటెండరు తొమ్మిదో తరగతితోనే చదువుకి నమస్కారం పెట్టేసిన ఘనుడు. అయినా ఈ ఇరవై ఆరేళ్లలో ఎలక్ట్రాన్ల చేత తను కొట్టించినన్ని గిరికీలు ఏ ప్రొఫెసరూ కొట్టించలేదంటాడు. ఒకసారైతే ఆయన దగ్గు విని, స్విచ్చి వెయ్యకముందే తిరగడం మొదలెట్టాయట! ఆయన చెప్పినదాంట్లో సగం కొట్టేయాలి. మిగతా సగాన్ని ఎండలో ఆరబెట్టి చూసుకోవాలి.

ఆ రోజు మాత్రం కోతలు చెల్లవు. తనిఖీకి వచ్చిన మేడం ముందు ఎలక్ట్రాన్లని ఉంగరంలా గుండ్రంగా తిప్పి చూపిస్తే టెక్నీషియన్ పోస్టు. లేదంటే రిటైరయ్యేదాకా బల్లలు తుడుచుకోవడమే.

కిటికీలకు నల్లగుడ్డలు దించాడు. రెండు పెద్ద రాగితీగ చుట్టల మధ్య గుమ్మడికాయంత గాజుబుడ్డి. లోపలున్న చిన్న గన్ను ఎలక్ట్రాన్లను చిమ్ముతుంది. అవి తగిలిన చోటల్లా బుడ్డిలోని పలచని వాయువు నీలంగా మెరిసి, వాటి దారిని పట్టిస్తుంది.

"చూశారా మేడం, ఇప్పుడు సూటిగా పోతున్నాయి. చుట్టలకి కరెంటిస్తే అయస్కాంతం పుడుతుంది. అది అత్తగారి లాంటిది. కోడల్ని పరిగెత్తమనదు, ఆగమనదు. పక్కనుంచి మోచేత్తో పొడుస్తూనే ఉంటుంది. పాపం ఆ పిల్ల, వేగం తగ్గకుండా అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతుంది!"

నాబు తిప్పాడు. నీలి గీత వంగింది, చుట్టు తిరిగింది, కానీ మొదలైన చోటికి రాలేదు. స్ప్రింగులా పక్కకి సాగి గాజుగోడకి గుద్దుకుంది.

"మీ కోడలు గోడ దూకేలా ఉందండీ," అంది మేడం.

మేడం పక్కనే నిలబడ్డ ఫిజిక్స్ లెక్చరరమ్మ ఆయన్ని కాపాడబోయింది. "పాత బుడ్డి మేడం, పాడైనట్టుంది. తీసి పారేయిస్తాం."

మేడం పెన్ను తీసింది. అసలు సంగతి అటెండరుకి తెలుసు. బుడ్డి పాడవలేదు. దాని మెడ మీది కంపెనీ చీటీ వచ్చినవాళ్లకి ఎదురుగా కనబడాలని, పొద్దున తుడుస్తూ దాన్ని కాస్త తిప్పి పెట్టింది తనే. నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది, బుడ్డి చెత్తలోకి పోతుంది.

"బుడ్డిది కాదమ్మా, తప్పు నాది."

లెక్చరరమ్మ కళ్లు పెద్దవయ్యాయి. "ఏంటి బాబాయ్? ఇంకోసారి అనవూ?"

"ఆ మాట ఒక్కసారే వస్తుందమ్మా. చీటీ కోసం బుడ్డి తిప్పాను, గన్ను వంకరైంది. ఈ చుట్ట నుంచి ఆ చుట్టకి సాగే అయస్కాంతం గీతలకి ఎలక్ట్రాన్లు సరిగ్గా అడ్డంగా పోతేనే ఉంగరం. ఏటవాలుగా పోయాయా, గీతల వెంట ఉన్న వేగం జోలికి అయస్కాంతం పోదు. అందుకే తిరుగుతూనే పక్కకి జారుకుంటున్నాయి."

బుడ్డిని వెనక్కి తిప్పాడు. చీటీ గోడవైపు ముఖం పెట్టింది, ఉంగరం గుండ్రంగా కలిసింది. చుట్టలకి కరెంటు పెంచితే గాజు కంకణమంత చిన్నదైంది.

మేడం రాసింది: పని తెలిసినవాడు. పోస్టుకి తగినవాడు. తన తప్పు తానే ఒప్పుకుంటాడు.

అటెండరు కాగితం రెండుసార్లు చదివి, గొంతు తగ్గించాడు.

"మేడం, ఆ చివరి ముక్క కొట్టేస్తే కుదరదా? మా ఆవిడ కంటపడిందంటే రోజూ ఒప్పుకోమంటుంది."