ఉతకకూడని కాపా

జసీరాకు తెల్లవారితే భయం, పొద్దుగూకితే భయం. చదువుకని పోర్చుగల్‌లోని కోయింబ్రా వచ్చి చలికాలం సగం గడిచిపోయినా ఆ భయానికి పాతబడే యోగం పట్టలేదు. స్నానాల గదిలో గ్యాస్ గీజరు భగ్గున అంటుకుంటే భయం. క్లాసులో ప్రొఫెసరు తలెత్తి చూస్తే భయం. క్యాంటీన్‌లో సూపు పోసే ఆవిడ "ఇంకాస్త పొయ్యనా?" అంటే, కావాలని ఉన్నా వద్దనేసి సగం కడుపుతో లేచివచ్చేది. అన్నిటినీ మించిన భయం గాస్పార్ అంటే.

గాస్పార్ ఆ ఇంట్లో అందరికంటే పెద్ద విద్యార్థి. చదువుకునే పిల్లలే ఉమ్మడిగా నడుపుకునే పాత ఇల్లు అది. కొత్తవాళ్ళను కొన్ని నెలలు ఉండనిచ్చి, ఒకరోజు భోజనాల బల్ల దగ్గర వరసగా అందరి మాటా అడుగుతారు. అందరూ ఊ అంటే ఉండొచ్చు. ఒక్కరు ఉహూ అన్నా పెట్టె సర్దుకోవాల్సిందే. కేప్ వెర్డ్ దీవుల నుంచి వచ్చిన జసీరాకు ఊళ్ళో ఇంకెక్కడా గది దొరికే ఆశ లేదు. ఇక్కడ కాదంటే లిస్బన్‌లో మేనమామ పంచన చేరాలి. ఆయన అప్పుడే ఒక హోటల్లో గదులు తుడిచే పని మాట్లాడి పెట్టాడు కూడా. ఇక చదువుకు నీళ్ళొదులుకున్నట్టే.

ఆ శనివారం సాయంత్రం తేలాల్సింది ఆమె సంగతే. మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పరాయి ఇంట్లో చేతులు ముడుచుకుని కూర్చోవద్దని అమ్మ మరీమరీ చెప్పి పంపింది. అందుకని జసీరా మెట్లు కడిగింది, గిన్నెలు తోమింది. అప్పుడు నడవాలో కుర్చీ మీద గాస్పార్ కాపా కనిపించింది. అక్కడి విద్యార్థులు పండగలకూ పాటకచేరీలకూ భుజాల మీంచి మడమల దాకా వేసుకునే నల్ల ఉన్నిబట్ట అది. దాన్నిండా పొగవాసన, వైను మరకలు, అంచులు చిరుగులు. పాపం, ఉతికి ఎన్నాళ్ళయిందో అనుకుంది. దొడ్లో రాతితొట్టి నింపి, సబ్బు పెట్టి, బ్రష్షుతో రుద్ది రుద్ది ఉతికింది. మురికి నీళ్ళు పోతుంటే ఆ ఊరొచ్చాక మొదటిసారి ఆమెకు హాయిగా అనిపించింది.

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. వంట చేసే దోనా అరిందా కూరల సంచీతో దొడ్లోకొచ్చి, దండెం మీద నీళ్ళోడుతున్న కాపాను చూసి నిలబడిపోయింది.

"ఎంత పని చేశావే పిల్లా! కాపా ఉతుకుతారటే ఎవరైనా?"

"మురిగ్గా ఉందనీ..."

"అది మురికి కాదే తల్లీ, అతగాడి చదువంతానూ! దాన్ని నీళ్ళల్లో ముంచితే ఆ ఏళ్ళన్నీ కొట్టుకుపోయినట్టేనంటారు ఇక్కడ. ఆ చిరుగులు చూడు. ఈ పక్కవి ఇంట్లోవాళ్ళు, ఆ పక్కవి స్నేహితులు గుర్తుగా పళ్ళతో చింపినవి. మధ్యలో పెద్ద మరక ఉండాలే? వాళ్ళ నాన్న చనిపోయేముందు పండక్కొచ్చి దానిమీద వైను గ్లాసు ఒలకబోశాడు. ఆ మరక అందరికీ చూపించి మురిసిపోయేవాడు గాస్పారు."

మరక లేదు. జసీరా అన్నిటికంటే గట్టిగా రుద్దింది అక్కడే. ఆ చోటు వేళ్ళతో తడిమి చూసి ఏడుపు అందుకుంది.

"ఏడవకు," అంది దోనా అరిందా జాలిపడి. "వానకు తడిసిందని చెబుదాం. వాన తడిపితే తప్పు లేదు. ఈ పూట గండం గట్టెక్కనీ."

రాత్రి భోజనానికి ఉప్పుచేప, ఉడికించిన బంగాళాదుంపలు. బల్ల చుట్టూ ఒక్కొక్కరూ "ఉండనీ", "ఉండనీ" అంటూ వచ్చారు. చివర మిగిలింది గాస్పార్.

"ఈ పిల్లా? నా అడుగు చప్పుడు వింటే బల్లిలా గోడకి అతుక్కుపోతుందీవిడ!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. "ఈ కొంపలో నన్ను లెక్కచేసే నాథుడే లేడు. భయపడేవాళ్ళు ఒక్కరైనా ఉండొద్దూ? నాకు సమ్మతమే. ఉండనీ."

గండం గడిచింది. నోరెత్తొద్దన్నట్టు దోనా అరిందా వంటింటి గుమ్మంలోంచి కళ్ళురిమింది. జసీరా నోరు మూసుకునే ఉండేది. కానీ గాస్పార్ రొట్టె విరిచి మొదటి ముక్క ఆమె కంచంలో పెట్టాడు. ఆ ముక్కను చూసేసరికి ఆమెకు అంతవరకు ఎన్నడూ ఎరగనంత భయం వేసింది.

"మీ కాపా నేను ఉతికేశాను," అంది. "సబ్బు పెట్టి."

గాస్పార్ లేచి దొడ్లోకి వెళ్ళాడు. తడి కాపాను చేతుల మీద వేసుకొచ్చి, దీపం కింద పరిచి, మరక కోసం వెతికాడు. తిప్పి చూసి మళ్ళీ వెతికాడు. అతని మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. దీనికంటే నాలుగు తిట్లు తినడం నయమనిపించింది జసీరాకు.

"నేను ఊ అనేశాను కదా," అన్నాడు చివరికి. "ఇక నిన్ను పొమ్మనేవాళ్ళు లేరు. మరెందుకు చెప్పావు?"

"భయమేసింది."

"నేనంటేనా?"

"చెప్పకపోతే రోజూ భయపడాలి. మీరు నవ్వినప్పుడల్లా భయపడాలి. చెప్పేస్తే ఇవాళ ఒక్కరోజుతో పోతుంది కదా అనీ..." ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "నాది చిన్న పెట్టే. ఇప్పుడే సర్దుకుంటాను."

గాస్పార్ కాపా అంచు పట్టుకుని ఆమె మొహం ముందుకు తోశాడు. అది స్నేహితులు చింపే వైపు.

"నాకు కోపం పోలేదు. ఇప్పట్లో పోదు కూడా," అన్నాడు. "చింపు."

"అమ్మో, నా వల్ల కాదు."

"పళ్ళు ఎలాగూ ఆడుతున్నాయిగా. కానియ్!"

జసీరా కళ్ళు గట్టిగా మూసుకుని కొరికింది. నోటినిండా తడి ఉన్ని, సబ్బు చేదు. కాపా పర్రున చిరిగింది. ఆ చప్పుడుకు అందరికంటే ఎక్కువగా ఉలిక్కిపడింది ఆమే.